‘రన్’ అంటే పరుగెత్తడం ఒక్కటేనా? ఆంగ్ల పదజాల శీర్షిక గురించి ఒక విన్నపం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మీ దినపత్రిక విద్యా పుటలో వెలువడే ఆంగ్ల పదజాల శీర్షికను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నవారిలో నేనొకణ్ణి. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారికీ, ఎవరి సాయమూ లేకుండా పట్టుదలతో ఆంగ్లం నేర్చుకుంటున్నవారికీ అది ఎంత ఆసరాగా ఉందో, ఆ భాషను బోధించే వృత్తిలో ఉన్నవాడిగా నాకు బాగా తెలుసు. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎడమవైపు ఒక ఆంగ్ల పదం, దానికి ఎదురుగా ఒక తెలుగు మాట అనే మీ పట్టిక పద్ధతి అరుదుగా కనిపించే బరువైన పదాలకు చక్కగా సరిపోతుంది కానీ, రోజూ నోట్లో నలిగే చిన్న క్రియలకు సరిపోదు. ఇటీవలి పట్టికలో ‘రన్’ అనే పదానికి ఎదురుగా ‘పరుగెత్తు’ అని మాత్రమే ఉంది. అది తప్పు కాదు. అయితే ఆ ఒక్క అర్థాన్ని మనసులో పెట్టుకుని ఆంగ్ల పత్రిక తెరిచిన విద్యార్థి, మొదటి పుట పూర్తి చేయకముందే తాను నేర్చుకున్న మాట తనకు పనికిరావడం లేదని గ్రహించి నిరుత్సాహపడతాడు.

ఒక విద్యార్థి సాధన పుస్తకంలో నేను చూసిన వాక్యాన్ని ఉదాహరణగా చెబుతాను. ‘ది కలర్స్ రాన్ ఇన్ ది వాష్’ అనే వాక్యాన్ని అతడు ‘ఉతికేటప్పుడు రంగులు పరుగెత్తాయి’ అని తెనిగించాడు. క్రియ భూతకాలంలో ఉందని గుర్తించాడు, కర్త బహువచనమని గుర్తించాడు, ‘రాన్’ అనేది ‘రన్’కు భూతరూపమని కూడా అతడికి తెలుసు. వ్యాకరణపరంగా వేలెత్తి చూపడానికి అందులో ఏమీ లేదు. నీళ్లలో పడిన బట్ట రంగు దిగిందనే అర్థం మాత్రం అతడికి అందలేదు. రంగులు పరుగెత్తవని అతడికి తెలియక కాదు. ‘రన్’ అంటే పరుగెత్తడమేనని నేర్చుకున్నాడు కాబట్టి, అర్థం లేకపోయినా అదే రాసి ఊరుకున్నాడు. శ్రద్ధగా చదివే విద్యార్థికే ఇలాంటి నష్టం ఎక్కువగా జరుగుతోంది. నా బాధంతా అదే.

ఈ చిక్కు మనలాంటి పరభాషీయులకు మాత్రమే ఎదురయ్యేది కాదు. 1755లో తన ఆంగ్ల నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ దాని పీఠికలోనే ఈ కోవ క్రియల గురించి విస్తారంగా మొరపెట్టుకున్నాడు. గెట్, గివ్, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్, టర్న్ వంటి వాటి అర్థాలు మరీ వదులుగా ఉంటాయనీ, మూలభావం నుంచి ఎంతో దూరం జరిగిపోయిన ఆ అర్థాల జాడ పట్టుకోవడం కష్టమనీ రాశాడు. ‘టేక్’ అనే ఒక్క క్రియకే ఆయన 134 అర్థాలు ఇవ్వవలసి వచ్చింది. తరువాతి కాలపు ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు మొదటి కూర్పు 1928లో పూర్తయింది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పదవివరణ ‘సెట్’ అనే క్రియది. ఆ ఒక్క క్రియ వివరణే దాదాపు 60,000 పదాలు ఆక్రమించింది. మూడో కూర్పు కోసం సాగుతున్న సవరణలో ఆ మొదటి స్థానం ‘రన్’కు దక్కింది. క్రియగా దానికి 645 అర్థచ్ఛాయలు తేలాయని 2011లో వెల్లడైంది. ఆ ఒక్క క్రియను పరిష్కరించడానికి ఒక నిఘంటుకారుడికి సుమారు తొమ్మిది నెలలు పట్టింది. ఆ అంకెలో వాడుక తప్పినవీ, ఏదో ఒక వృత్తికి పరిమితమైనవీ చాలానే ఉన్నాయి కనుక విద్యార్థులు దాన్ని చూసి బెదరనక్కరలేదు. కానీ 645 ఎక్కడ, మన పట్టికలోని ఒకటి ఎక్కడ!

ఇన్ని అర్థాలు ఒక్క మాటకు ఎలా పట్టాయన్నది తెలుసుకుంటే నేర్చుకోవడం సులువవుతుంది. నేటి ‘రన్’ నిజానికి రెండు క్రియల కలయిక. ప్రాచీన ఆంగ్లంలో తానై పరుగెత్తడానికీ పారడానికీ ఒక అకర్మక క్రియ, మరొకదాన్ని పరుగెత్తించడానికి దాని ప్రేరణార్థక రూపం విడివిడిగా ఉండేవి. కాలక్రమంలో ఆ రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. ఆంగ్లానికి దాయాది భాష అయిన జర్మన్‌లో నేటికీ ‘రిన్నెన్’ అంటే పారడం, ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం. అక్కడ జంట విడిపోకుండా నిలిచింది, ఇక్కడ ఒకటైపోయింది. అందువల్లనే గుర్రం పరుగెత్తినా ‘రన్’, గుర్రాన్ని పందెంలో పరుగెత్తించినా ‘రన్’. తెలుగులో పరుగెత్తు, పరుగెత్తించు అని ప్రత్యయంతో స్పష్టంగా తేడా చూపే మనకు, ఒకే రూపం రెండు పనులూ చేయడం వింతగా తోస్తుంది. ఒక సంస్థనో పాఠశాలనో ‘రన్’ చేయడం అనే ప్రయోగం ఈ ప్రేరణార్థకపు కొమ్మకు కాసినదే.

పారడం అనే రెండో కొమ్మను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే. నది ‘రన్’ అవుతుంది, అంటే పారుతుంది. కొళాయిలో ధారగా వచ్చే నీరు ‘రన్నింగ్ వాటర్’. జలుబు చేసినప్పుడు ముక్కు ‘రన్’ అవుతుంది, అంటే కారుతుంది. కొవ్వొత్తి కరిగి మైనం జారితే అదీ ‘రన్’ కావడమే. తడిసిన బట్ట రంగు దిగడం కూడా ఈ వరుసలోనిదే. నీటితోపాటు రంగు పారింది కాబట్టి ఆ క్రియ వచ్చింది. చివరికి అల్లిక ఊడి మేజోడులో పోగు పొడవునా జారిపోతే, అమెరికన్లు ఆ చిరుగును కూడా ‘రన్’ అనే అంటారు. ఒక కుటుంబంలో ఏదైనా గుణమో రోగమో తరతరాలుగా కనిపిస్తే అది ‘రన్స్ ఇన్ ది ఫ్యామిలీ’ అనడం వెనుక ఉన్నదీ ఈ ప్రవాహపు ఊహేనని నా అభిప్రాయం; మనం ‘అది వాళ్ల రక్తంలోనే ఉంది’ అనేటప్పుడు మనసులో మెదిలే ఊహకు అది ఎంతో దూరం కాదు. ఈ వరుసను ఒక్కసారి విడమరచి చెబితే చాలు, పైన చెప్పిన విద్యార్థి రంగులను పరుగెత్తించడు. వీటన్నిటినీ విడివిడి అర్థాలుగా బట్టీ పట్టమంటే మాత్రం అలసిపోతాడు.

మన పాఠశాలల్లో నానార్థాలు నేర్పే పద్ధతి ఒకటి ఉంది. ‘కరము’ అంటే చేయి, కిరణం, పన్ను, తొండం అని వరుసగా అప్పజెప్పిస్తాం. అర్థాలు కొద్దిగా ఉండి, ఒకదాని నుంచి మరొకటి తేలికగా వేరుచేయగలిగినవి అయినప్పుడు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. ‘రన్’ అలాంటిది కాదు. దాని అర్థాలు ఒకదానిలోకి ఒకటి జారిపోతూ ఉంటాయి. ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలైందో నిఘంటుకారులకే ఏకాభిప్రాయం ఉండదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1985లో మొదలైన వర్డ్‌నెట్ అనే పదకోశం ఇదే క్రియను 41 అర్థాలుగా విభజించింది. ఆక్స్‌ఫర్డ్ వారి 645 తప్పూ కాదు, ఈ 41 తప్పూ కాదు. కొలిచే బద్ద వేరు. ఇలా పరస్పర సంబంధమున్న అనేక అర్థాలు ఒకే మాటకు ఉండడాన్ని ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయల్ 1897లో ‘పాలిసెమీ’ అని పేరు పెట్టి చర్చించాడు. ఎక్కువగా వాడే మాటలకే ఎక్కువ అర్థాలు ఉంటాయని 1945లో అమెరికన్ భాషావేత్త జార్జ్ జిఫ్ లెక్కలు కట్టి చూపాడు. దీన్నిబట్టి చూస్తే, విద్యార్థికి రోజూ ఎదురయ్యే మాటల దగ్గరే మన పట్టిక పద్ధతి అన్నిటికంటే బలహీనంగా ఉందని ఒప్పుకోక తప్పదు.

యంత్రాలు వచ్చాక ఈ క్రియకు మరింత పని పడింది. గడియారం, మర, రైలు, ఇంజను, కర్మాగారం, ఆపైన కంప్యూటర్ ప్రోగ్రామ్, ఇవన్నీ ‘రన్’ అయ్యేవే. ఈ అర్థంలో తెలుగువాళ్లకు పెద్దగా ఇబ్బంది లేదు. ‘ప్రోగ్రామ్ రన్ అవుతోంది’ అనే మాట మన నోట సహజంగానే పలుకుతుంది.

ఇంతకంటే ఆసక్తికరమైనది క్రికెట్. రెండు వికెట్ల మధ్య 22 గజాల దూరాన్ని బ్యాటర్లిద్దరూ ఎదురెదురుగా దాటితే ఒక ‘రన్’, మన భాషలో ఒక పరుగు. కానీ బంతి నేలను తాకుతూ వెళ్లి బౌండరీ దాటినప్పుడు బ్యాటర్ ఉన్నచోటనే నిలబడి చూస్తూ ఉన్నా నాలుగు పరుగులు జమ అవుతాయి. పరుగెత్తకుండానే పరుగులు రావడం మన పాఠకులెవరికీ విడ్డూరంగా తోచదు. పని పేరు ఆ పనికి కొలమానంగా, కొలమానం చివరికి అంకెగా మారిన క్రమాన్ని వారు తమకు తెలియకుండానే జీర్ణం చేసుకున్నారు. ఆటల పుట చదివే పాఠకుడికి చేతనైన ఆ పని, పదజాల శీర్షిక చదివే విద్యార్థికి చేతకాదని మనం అనుకోనవసరం లేదు. మరొకటి చూడండి. ఖాతాదారులు భయంతో ఒక్కసారిగా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడితే దానిని ‘బ్యాంక్ రన్’ అంటారు. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ఖాతాదారులు ప్రయత్నించారు. చాలావరకు ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద జరిగిన ఆ వ్యవహారంలో బ్యాంకు గుమ్మం వరకు పరుగెత్తవలసిన అవసరమే లేదు. మాట మాత్రం మారలేదు. దీనిని ‘బ్యాంకు పరుగు’ అని రాస్తే మన పాఠకుడికి ఏమీ అర్థం కాదు; ‘డిపాజిట్ల కోసం ఎగబడడం’ అంటే వెంటనే అర్థమవుతుంది.

కదలనివాటికి కూడా ఈ క్రియ వాడడం మరొక విశేషం. ఏటి ఒడ్డున ఉన్న బాట ‘రన్స్ అలాంగ్ ది రివర్’. బాట ఎక్కడికీ కదలదు; దాని వెంట మన చూపు కదులుతుంది. ఇలాంటి ప్రయోగాన్ని లియొనార్డ్ టాల్మీ అనే భాషావేత్త ‘కల్పిత చలనం’ అనే అర్థం వచ్చే పేరుతో వివరించాడు. మనమూ ‘బాట ఏటి వెంట సాగుతుంది’ అంటాం కాబట్టి భావం తెలియడం కష్టం కాదు. అయితే ఇక్కడ విద్యార్థులకు చెప్పవలసిన జాగ్రత్త ఒకటుంది. మనిషి విషయంలో ‘ఈజ్ రన్నింగ్’ అనవచ్చు, బాట విషయంలో సాధారణంగా ‘రన్స్’ అనే అనాలి. ఒక్క తెలుగు మాట ఇచ్చి ఊరుకునే పట్టిక ఇలాంటి తేడాను ఎన్నటికీ చెప్పలేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టేవి, క్రియ పక్కన ఔట్, ఇన్‌టు, ఓవర్, డౌన్, అప్ వంటి చిన్న మాటలు చేరినప్పుడు పుట్టే అర్థాలు. పరదేశీయులకు అత్యంత కష్టం కలిగించేవి ఇవేనని జాన్సన్ ఆనాడే గుర్తించాడు. ‘రన్ ఔట్’ను మాత్రమే తీసుకుందాం. ఇంట్లోంచి ‘రన్ ఔట్’ అయితే బయటికి పరుగెత్తడం. ఆ వెంటనే ‘ఆఫ్ మనీ’ అని చేరితే డబ్బు అయిపోవడం. సమయం, ఓపిక, ఇంధనం కూడా ఇలాగే ‘రన్ ఔట్’ అవుతాయి. గడువున్న ఒప్పందం ‘రన్ ఔట్’ అయితే గడువు తీరిపోయినట్టు. క్రికెట్‌లో బ్యాటర్ క్రీజు చేరకముందే వికెట్ పడగొడితే అతడు ‘రన్ ఔట్’. ఈ నాలుగింటిలోనూ మాటలు అవే, వరుసా అదే. అర్థం తేల్చేవి ఆ మాటలకు ముందూ వెనుకా ఉన్న మాటలు, అంటే కర్త ఎవరు, తరువాత వచ్చిన పదం ఏమిటి అన్నది. మిగిలినవాటి గురించి ఇంత వివరంగా రాయనవసరం లేదు. ‘రన్ ఇన్‌టు’ అంటే అనుకోకుండా ఎదురుపడడమో ఢీకొనడమో కావచ్చు. ‘రన్ ఓవర్’ అంటే వాహనం ఒకరి మీదుగా పోవడమో, అనుకున్న సమయం మించిపోవడమో కావచ్చు. ‘రన్ డౌన్’లో కించపరచడం కూడా ఒక అర్థం.

ఆంగ్లం వాడే ప్రదేశాన్నిబట్టి కూడా తేడాలు ఉన్నాయి. ఎన్నికల్లో పోటీ చేయడాన్ని అమెరికన్లు ‘రన్’ అంటే, బ్రిటిష్‌వారు సాధారణంగా ‘స్టాండ్’ అంటారు. ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అనే మనం ఈ విషయంలో బ్రిటిష్‌వారి వైపే ఉన్నాం.

తెలుగు వైపు నుంచి చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించేది ఒకటుంది. ఆంగ్లం పరుగెత్తే చోట్ల తెలుగు తరచుగా నడుస్తుంది. వాళ్లు వ్యాపారాన్ని పరుగెత్తిస్తే మనం నడుపుతాం. బడినీ పత్రికనూ కూడా నడిపిస్తాం. వాళ్ల గడియారం పరుగెత్తితే మన గడియారం నడుస్తుంది. రంగస్థలం మీద వాళ్ల నాటకం వంద రోజులు పరుగెత్తితే మన నాటకం వంద రోజులు ఆడుతుంది. కాబట్టి ‘రన్’కు తెలుగులో సమానార్థకం ఏమిటి అని అడగడం కంటే, ఫలానా వాక్యంలో ఆ స్థానంలో తెలుగువాడు ఏ క్రియ వాడతాడు అని అడగడమే సరైన ప్రశ్న. నడుపు, పారు, కారు, సాగు, ఆడు, అయిపోవు, ఇవన్నీ సందర్భాన్నిబట్టి సరైన జవాబులే. ఇంత చక్కటి క్రియాసంపద మన దగ్గర ఉండగా అన్నిచోట్లా ‘పరుగెత్తు’ అని రాయించడం వల్ల పిల్లల ఆంగ్లంతోపాటు వారి తెలుగు కూడా పాడవుతోంది.

ఒక మాటకు బహుళార్థాలు ఉండడం మనకు తెలియని సంగతేమీ కాదు. వాన పడుతుంది, నిద్ర పడుతుంది, సమయం పడుతుంది, ఇద్దరికీ పడదు, కొందరికి కొన్ని మందులు పడవు, దెబ్బ పడుతుంది, మనిషి బాధపడతాడు, సిగ్గుపడతాడు. ‘పడు’కు ఇన్ని అర్థాలున్నాయని చెప్పి ఏ తల్లీ బిడ్డకు పట్టిక రాసి ఇవ్వలేదు. వాక్యంలో విని, వాక్యంలోనే పలికి నేర్చుకున్నాం. ఆంగ్లపు చిన్న క్రియలను కూడా ఆ దారినే నేర్పాలన్నది నా వాదన.

ఫోన్‌లో అనువాదం క్షణంలో దొరుకుతున్నప్పుడు ఇంత శ్రమ దేనికని కొందరు అనవచ్చు. ఆ అనువాద యంత్రాల చరిత్రే దీనికి సమాధానం. 1960లో యంత్రానువాద పరిశోధకుడు యెహోషువా బార్-హిల్లెల్ ఒక చిన్న వాక్యం చూపి, యంత్రానికి అది అర్థం కాదన్నాడు. ‘పెట్టె పెన్‌లో ఉంది’ అనేది ఆ వాక్యపు సారాంశం. అక్కడ ‘పెన్’ అంటే కలం కాదు, పసిపిల్లలు ఆడుకోవడానికి కట్టిన చిన్న ఆవరణ. కలంలో పెట్టె పట్టదనే ఇంగితం యంత్రానికి లేదన్నది ఆయన వాదన. మాట అర్థాన్ని దాని పక్కనుండే మాటలనుబట్టి తెలుసుకోవాలని 1957లోనే బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ చెప్పాడు. పదానికి పదం పెట్టే పద్ధతి వదిలి, చుట్టూ ఉన్న మాటలను పెద్ద ఎత్తున లెక్కలోకి తీసుకోవడం మొదలైన తరువాతనే యంత్రానువాదం చెప్పుకోదగినంత మెరుగైంది. యంత్రమే వదిలేసిన పద్ధతిని విద్యార్థి చేత పట్టించడం న్యాయం కాదు.

పత్రికలో స్థలం పరిమితమని నాకు తెలుసు. వారానికి పది పదాలిచ్చే చోట ఒక్క పదం మీద పుట నింపమని కోరడం లేదు. పెద్ద పదాలకు ఇప్పుడున్న పట్టికనే కొనసాగిస్తూ, దాని కింద నాలుగైదు పంక్తుల మేర ఒక చిన్న క్రియకు చోటివ్వండి. ఒక వారం ‘రన్’లో పారే అర్థాలు, మరొక వారం నడిపే అర్థాలు, ఇంకొక వారం ‘రన్ ఔట్’ వంటి పదబంధాలు, ఇలా ఒకే క్రియను కొన్ని వారాలపాటు సాగదీయవచ్చు. ప్రతి అర్థానికీ పూర్తి వాక్యం ఇవ్వాలి. దానికి ఎదురుగా మాటకు మాటగా కాక, అదే సందర్భంలో తెలుగువాడు సహజంగా పలికే వాక్యం ఉండాలి. ఏ పదాల పక్కన ఆ అర్థం వస్తుందో వాటిని ముద్దక్షరాల్లో చూపితే విద్యార్థి కన్ను అక్కడ నిలుస్తుంది. పోటీ పరీక్షల్లో ఖాళీలు పూరించే ప్రశ్నలు ఎక్కువగా ఇలాంటి పదబంధాల మీదనే వస్తాయి కాబట్టి, పరీక్షల కోసం చదివేవారికి కూడా ఇందులో నష్టమేమీ లేదు.

మీరు ఈ మార్పుకు అంగీకరిస్తే, ‘రన్’ తరువాత ‘సెట్’ను తీసుకోవలసిందిగా నా మనవి. వర్తమానంలోనూ భూతకాలంలోనూ దాని రూపం మారదు, నామవాచకంగానూ క్రియగానూ విశేషణంగానూ ఒకేలా ఉంటుంది. అందువల్ల రూపాన్నిబట్టి అర్థం ఊహించే అవకాశం విద్యార్థికి బొత్తిగా ఉండదు, పక్క మాటలను చూసి తేల్చుకునే అలవాటు దానితో బాగా కుదురుతుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఆంగ్ల బోధకుడు